వాస్తు తప్పిన ఇంట్లో గుర్రం

తొంభైల చివర్లో మా వైపు పెళ్ళికొడుకులకు గుర్రప్పిచ్చి పట్టింది. అంతకుముందు దాకా కారుకు నాలుగు బంతిపూల దండలు కట్టించుకుని, కారు లేకపోతే నడుచుకుంటూ వచ్చి తాళి కట్టిన జాతే. టీవీలో ఉత్తరాది పెళ్ళిళ్ళు చూసి చూసి, గుర్రమెక్కకపోతే మగపుట్టుకకే లోటనుకోవడం మొదలుపెట్టారు. పుట్టి బుద్ధెరిగాక సైకిలు తప్ప ఇంకేదీ ఎక్కనివాడు కూడా తలపాగా చుట్టుకుని, జీనును రెండు చేతులా కరిచిపట్టుకుని, మూడు ముళ్ళు వేసేదాకా బతికుంటే చాలురా దేవుడా అన్న మొహంతో ఊరేగేవాడు. ఫోటో తీసేటప్పుడు మాత్రం నవ్వేవాడు.

ఈ పిచ్చివల్ల నాలుగు మెతుకులు తిన్న మనిషి పుంగనూరులో ఒకాయన ఉన్నాడు. ఆయన మా నాయన. జట్కాబండి తోలి నన్ను పెంచి, మదనపల్లెలో చీరల అంగడి ఉన్న ఇంటికి ఇచ్చాడు. ఆటోలు వచ్చి జట్కాలను మింగేశాక తోటివాళ్ళంతా గుర్రాలను అమ్ముకుంటే, ఈయన బండిని అమ్మేసి గుర్రాన్ని ఉంచుకున్నాడు. తెల్లని ఆడగుర్రం. మా అమ్మ పోయాక ఆయన రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే మూడు దానితోనే. మిగిలిన ఒకటి నాతో, అదీ దాని గురించే. నాకు ఒళ్ళు మండేది కానీ, ఒంటరి మనిషికి ఇంట్లో ఒక ఊపిరి చప్పుడు ఉందిలే అని ఊరుకునేదాన్ని.

ఆ గుర్రానికి కుప్పంలో దెబ్బ తగిలింది. కుప్పమంటే మూడు రాష్ట్రాలు కలిసేచోటు కాబట్టి అక్కడి పెళ్ళిలో తమిళం మేళం, కన్నడం వంట, తెలుగు తిట్లు మూడూ దొరుకుతాయి. అదొక పెద్దింటి పెళ్ళి. పెళ్ళికొడుకు స్నేహితులు సరదా పట్టలేక గుర్రం కాళ్ళ ముందే టపాకాయల సరం పరిచి అంటించారు. గుర్రం బెదిరి పక్కకు దూకింది. మురికికాలువ మీది బండల సందులో ముందరి కాలొకటి దిగబడింది. పెళ్ళికొడుకు పోయిపోయి డోలు వాయించేవాడి మీద పడ్డాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు, డోలు పగిలింది. పెళ్ళివారంతా అయ్యయ్యో అన్నారు, డోలును చూసి. వెంటనే పెళ్ళికొడుకును కారులో కుక్కుకుని వెళ్ళిపోయారు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. ఒక పెద్దాయన మాత్రం వెనక్కి తిరిగి వచ్చాడట. సాయానికి వస్తున్నాడని నాయన చెయ్యెత్తి దండం పెట్టబోయాడు. ఆయన గుర్రం మెడలోని పూలదండ ఊడదీసుకుని, కారుకు వేయాలని పట్టుకుపోయాడు.

టమోటా లారీవాణ్ణి ఒకణ్ణి బతిమాలుకుని గుర్రాన్ని పుంగనూరు చేర్చాడు నాయన. నేను మదనపల్లె నుంచి పశువుల డాక్టరును వెంటబెట్టుకుని పోయాను. ఆ డాక్టరు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, మంచివాడు. గుర్రాన్ని కాలేజీలో చదివేటప్పుడు చూశానని దాచకుండా చెప్పాడు. రాత్రంతా పుస్తకాలు తిరగేసి వచ్చానని కూడా చెప్పాడు. కాలు నిమిరి, గిట్ట దగ్గర నుంచి పైదాకా నొక్కి చూసి, దబ్బలు పెట్టి కట్టు కట్టాడు.

"ఎముక చిట్లింది, విరగలేదు. కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. నడిపిస్తే విరుగుతుంది. విరిగిన తర్వాత నన్ను పిలిచినా లాభం లేదు" అన్నాడు. "ఒక గది చూడండి. అటూ ఇటూ తిరగడానికి చాలాలి, పరిగెత్తడానికి చాలకూడదు. కప్పు ఎత్తుగా ఉండాలి, నేల మెత్తగా ఉండాలి, గడప అడ్డం ఉండకూడదు, గాలి రావాలి. చప్పుళ్ళు వద్దు. తాడు వేసి కట్టేయొద్దు. ఉలవలు తగ్గించి గడ్డి వేయండి. రెండు మూడు నెలలు అందులోంచి బయటికి తేవద్దు. నేను తరచుగా చూడాలి కాబట్టి మదనపల్లెలోనే ఉంటే మేలు."

పుంగనూరులో నాయన గుర్రపుసాల బస్టాండు వెనక సందులో ఉండేది. బండరాళ్ళ నేల, పైన రేకులు. బస్సు హారన్ కొట్టినప్పుడల్లా గుర్రం ఉలిక్కిపడి కాలు నేలకేసి కొట్టేది. కొట్టినప్పుడల్లా నాయన తన కాలే విరిగినట్టు మొహం పెట్టేవాడు. ఇదే పుంగనూరు పొట్టి ఆవైతే మా అంగడిలో బీరువా పక్కన నిలబెట్టేసినా సరిపోయేది. గుర్రానికి ఆ సదుపాయం లేదు.

ఇక గది వేట మొదలైంది. గుర్రాన్ని చూస్తే కాళ్ళనొప్పులు అని సామెత. ఆ వారంలో గుర్రం మాటెత్తితే చాలు, మదనపల్లెలో అందరికీ ఏదో ఒక నొప్పి వచ్చింది. మొదట నొప్పి వచ్చింది మా ఆయనకే. అంగడి వెనక మాకొక గోదాము ఉంది. "పట్టుచీరలకి గుర్రం వాసన పడితే ఎవురు కొంటారే?" అన్నాడు. నా పెళ్ళినాడు ఆయన ఇదే గుర్రం పూన్చిన జట్కాలో నా పక్కన కూర్చుని మీసం దువ్వుకున్నవాడు. ఆనాడు దాన్ని 'మన గుర్రం' అన్నాడు. కాలు చిట్లినాక 'మీ నాయన గుర్రం' అయింది.

తర్వాత కల్యాణమండపం మేనేజరును అడిగాను. మండపం వెనక వంటసామాన్ల కొట్టు ఒకటి మూఢం పోయేదాకా ఖాళీగా ఉంటుంది. ఆ మండపం గుమ్మానికి ఎందరు పెళ్ళికొడుకులను మోసుకొచ్చిందో ఆ గుర్రం. ఆయన శ్రద్ధగా అంతా విని, "ఏ కాలమ్మా, ఎడమదా కుడిదా?" అన్నాడు. ఎడమది అన్నాను. "ఆడగుర్రానికి ఎడమకాలు అంటే ఇంటి ఆడబిడ్డకి కీడమ్మా. పెండ్లి జరిగే తావులో పెట్టుకుంటే ఎట్ల?" అన్నాడు. కుడిది అని ఉంటే ఎవరికి కీడు వచ్చేదో అడగబోయి మానుకున్నాను. అడిగితే దానికీ ఒక జవాబు ఆయన దగ్గర సిద్ధంగా ఉండి ఉంటుంది.

అంగళ్లు అనే పల్లెలో మాకు వరసకు అన్న ఒకాయన ఉన్నాడు. పెద్ద కొట్టం, మంచి రైతు, మంచి మనసు. "తోలుకురామ్మా, దానికేం బాగ్యం" అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అయితే వెంటనే, "పొద్దున్నే సేను సుట్టూ రెండు సుట్లు తిప్పుతా. వారంలో కుంటు పోకుంటే నన్ను అడుగు" అన్నాడు. తిప్పకూడదని డాక్టరు చెప్పాడన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "డాక్టర్లకేం తెల్సమ్మా? మా ఎద్దుకి తొంటి పట్టుకుంటే నడిపే కదా సాపు సేసింది. జీవమన్నాక నడవల్ల. నిలబెడితే కాళ్ళు కొయ్యబారిపోతాయి" అన్నాడు. వాళ్ళావిడ వచ్చి ఉలవలు ఉడకేసి పెడతానంది. వాళ్ళమ్మ వచ్చి, గుర్రం పడుకుంటే చచ్చినట్టేనని, రేత్రిళ్ళు లేపి నిలబెట్టడానికి ఒక మనిషిని పెడదామంది. అంత ప్రేమ ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. ఆ ప్రేమ మధ్య గుర్రం వారం కూడా బతకదని తెలిసి, దండం పెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత ఎవరిని అడిగినా ఇదే పాట. టీ అంగడివాడు, కంసాలి, మా వీధి పూలమ్మి, కుంటిగుర్రం కథ విన్నవాళ్ళు విన్నట్టే వైద్యులైపోయారు. నడిపించు, నడిపించు. తమకు జ్వరం వస్తే ముసుగుతన్ని పడుకుని గంజి కూడా మంచం మీదికే తెప్పించుకునేవాళ్ళు, గుర్రానికి మాత్రం నడక రాసిచ్చారు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, జూలో సింహాలకు ఇచ్చేస్తే పుణ్యం, పురుషార్థం రెండూ వస్తాయన్నాడు. ఆయనను కూడా ఇవ్వవచ్చు కదా అని నాకు అనిపించింది కానీ, సింహాలకు కూడా రుచీ పచీ ఉంటుంది కదా.

ఇంక ఆశ వదులుకున్న సమయంలో ఒక టమోటా మండీ యజమాని తనంతట తానే మా అంగడికి వచ్చాడు. "పుంగనూరు రోడ్డులో మా కొత్తిల్లు ఉండాది కదమ్మా, ఆడ పెట్టుకోండి మీ గుర్రాన్ని. బాడిగా గీడిగా ఏం వద్దు" అన్నాడు.

మా ఆయన చేతిలోని మీటరు కడ్డీ జారి కింద పడింది. ఆ యజమాని ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. మార్కెట్టులో ధర పడిపోయి రోడ్డు మీద పారబోసిన టమోటాలను ఎవరైనా ఏరుకుంటే, అవి తనవేమో అని వెనక్కి తిరిగి చూసే రకం.

ఆ ఇంటి సంగతి ఊరంతటికీ తెలుసు. ఆ రోజుల్లో మా వైపు గుర్రప్పిచ్చి కంటే పెద్దది వాస్తుపిచ్చి. దగ్గొస్తే కిటికీ మూయించేవాళ్ళు, కోడలు ఎదురు చెబితే మెట్లు పగలగొట్టించేవాళ్ళు. ఈయన ఇల్లు పూర్తయ్యి గృహప్రవేశం చేయబోతుండగా సిద్ధాంతి ఒకాయన వచ్చి, ఈశాన్యంలో మెట్లేమిటని అడిగాడు. మెట్లు కొట్టేశారు. ఇంకో సిద్ధాంతి వచ్చి దక్షిణం వాకిలి మూయించి, తూర్పున పెద్ద వాకిలి పెట్టించాడు. మూడో ఆయన హాల్లో వాలు తప్పిందన్నాడు. వేసిన మొజాయిక్ అంతా తవ్వి తీశారు. ఆ మధ్యలో మండీలో నష్టం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, బేరం తెలియక పోయిందంతా ఇంటి మీదికి తోసేసి, తాళం వేసుకుని పాత ఇంట్లోనే ఉండిపోయారు.

నేను వెళ్ళి చూశాను. నాకు నవ్వాగలేదు. పెద్ద హాలు. తవ్వేసిన నేల నిండా మెత్తటి మట్టి. ఎత్తైన కప్పు. నాలుగు దిక్కులా కిటికీలు. ఏనుగు పట్టేంత టేకు తలుపులు. గడపకు ముహూర్తం కుదరక గడప పెట్టనే లేదు. చుట్టుపక్కల ఇళ్ళు లేవు, హారన్లు లేవు. ముగ్గురు సిద్ధాంతులు కలిసి మనుషులు ఉండడానికి పనికిరాకుండా చేసిన ఇల్లు, డాక్టరు చెప్పిన గుర్రపుసాలకు అన్ని విధాలా సరిపోయింది.

నాయన యజమానితో మాట్లాడి తాళంచెవి తీసుకున్నాడు. లారీలో గుర్రాన్ని తెచ్చి, కట్టెల మిల్లు నుంచి రంపంపొట్టు తెచ్చి మందంగా పరిచి, హాల్లో వదిలాము. నాయన వంటింట్లో చాప వేసుకున్నాడు. డాక్టరు వచ్చి చూసి, పుస్తకంలో కూడా ఇంత మంచి బొమ్మ లేదన్నాడు.

యజమాని రోజూ పొద్దున్నే మండీకి పోతూ వచ్చేవాడు. లోపలికి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాడు. "ఎట్లుండాదప్పా?" అని అడిగేవాడు. చూడటానికి వచ్చినవాళ్ళెవరైనా నడిపించండి అంటే వాళ్ళ మీద పడేవాడు. "ఏ, మీకేమన్నా తెల్సా? అది గదిలోనే ఉండల్ల! దాని తావులో దాన్ని ఉండనీండి. ఏం జరిగినా ఈడనే జరగల్ల, బయటికి మాత్రం తీసేది లేదు!" అని కసిరేవాడు. మదనపల్లె మొత్తం మీద డాక్టరు మాట అర్థమైనవాడు ఆయన ఒక్కడే అని నేను మురిసిపోయాను. వాకిట్లో ఒక మనిషిని కూడా కాపలా పెట్టాడు, ఎవరూ గుర్రాన్ని కదిలించకుండా. మనుషులను తక్కువ అంచనా వేయకూడదని మా ఆయనకు రెండు మూడుసార్లు నీతులు కూడా చెప్పాను.

గుర్రం కాలు నేలకు ఆనించి నిలబడటం మొదలైంది. గడ్డి ఇష్టంగా తింటోంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు, ఇది కుంటిదైనా తక్కువ లేదు. నేనొక పొద్దున "బాగా తేరుకుంటాండాది" అని యజమానితో సంతోషంగా చెప్పాను. ఆయన "అట్లనా" అన్నాడు. మండీలో ధర పడిపోయిన రోజు మొహం అది. టమోటా సంగతేమో అనుకున్నాను.

అసలు సంగతి ఆయన భార్య నోట విన్నాను. ఆవిడ గృహప్రవేశానికి చీరలు తీసుకోవడానికి మా అంగడికి వచ్చింది. మనిషి వెన్న. నేను చీరలు ఒకటొకటే విప్పి వేస్తున్నాను. ఆవిడ ఒక చిలకపచ్చ చీర ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి, "ఇంగ ఎన్ని దినాలు పట్టొచ్చమ్మా దానికి?" అంది.

"డాక్టరు ఇంకా నెల అన్నాడమ్మా" అన్నాను.

"నెలా? నెలలోపల కచ్చితంగా సచ్చిపోతాదంటాడా?"

ఆవిడ నా మొహం చూసి, నాకు తెలియదని అర్థం చేసుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. మొన్నొచ్చిన సిద్ధాంతి ఆ ఇల్లు ఒక ప్రాణం కోరుతోందన్నాడట. బలి ఇవ్వకూడదట, దానంతట అదే పోవాలట. ఒక ప్రాణం పోతే ఇక ఆ ఇంటికి ఎదురు లేదట. "మనుషులు పోతే ఎట్లమ్మా, పాపం కదా? కోళ్ళు, కుక్కలు సాలవంట, పెద్ద జీవం కావల్లంట. మేము యాడికి పోయేది సెప్పు? అంతలో మీ గుర్రం సంగతి తెలిసె. దేవుడే పంపినట్టు. మీ నాయనని బాదపడొద్దని సెప్పమ్మా. తోటలో సిమెంటుతో సమాది కట్టిస్తాం, దినామూ దీపం పెడతా. ఈ పచ్చది ఎంతకిస్తావు?"

ఆ చీర నేను అమ్మలేదు. అమ్మనని చెప్పి మడత పెట్టేశాను. మా ఆయన లబలబలాడాడు. నేను చెప్పులేసుకుని తిన్నగా మండీకి పోయాను.

యజమాని టమోటా గంపల మధ్య నిలబడి వేలంపాట పాడిస్తున్నాడు. నేను పాట ఆపించాను. నోటికి వచ్చిందంతా అన్నాను. "మీ ఇంటికి పెద్ద జీవమే కావల్లంటే మీ సిద్ధాంతిని పండబెట్టండి హాల్లో! రంపంపొట్టు కూడా సిద్ధంగా ఉండాది, మా గుర్రం రోంత జరుగుతాది!" అన్నాను. పెద్దమండ్యం, పెద్దతిప్పసముద్రం రైతులంతా గంపలు వదిలి చుట్టూ చేరారు. కొందరు నవ్వారు. అక్కడ నవ్వడమే చెడ్డదైంది. ఆయనకు రోషం వచ్చింది. "రేపు సాయంత్రంలోపల ఇల్లు ఖాళీ సేయండి. పుణ్యానికి పోతే పాపం ఎదురొచ్చినట్టుండాది మీ యవ్వారం" అన్నాడు.

దారిలో నడుస్తుంటే కోపం దిగి, భయం ఎక్కింది. అంతకు ముందు రోజే డాక్టరు చెప్పాడు: ఎముక పాలు పట్టే గింజలాగా ఉంది, ఇంకా గట్టిపడలేదు, ఇప్పుడు లారీ ఎక్కిస్తే మొదటి గుంతలోనే పోతుంది. గుర్రం పోతే నాయన ఏమవుతాడో ఊహించుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ఆయనతో అసలు సంగతి చెప్పలేదు. తను పొద్దున్నే దండం పెట్టే మనిషి గుర్రం చావుకోసం కాచుకుని ఉన్నాడని ఏ నోటితో చెప్పను? మండీలో మాటామాటా వచ్చి ఖాళీ చేయమన్నాడని మాత్రం చెప్పాను.

నాయన గుర్రం జూలులోంచి రంపంపొట్టు ఏరుతూ విన్నాడు. "నేను మాట్లాడొస్తాలేమ్మా" అని తువ్వాలు భుజాన వేసుకుని పోయాడు. చీకటి పడకముందే తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఉండమన్నాడు" అన్నాడు. ఎట్లా ఒప్పుకున్నాడని అడిగితే, "మంచోడేలేమ్మా" అన్నాడు. ఆ మంచోడి కాళ్ళ మీద పడి ఉంటాడని అనుకున్నాను.

మరునాటి నుంచి యజమాని భార్య గుర్రానికి రోజూ చెంబుతో తులసి తీర్థం పంపడం మొదలుపెట్టింది. యజమాని కిటికీ దగ్గరికి మళ్ళీ వచ్చాడు. మొహం తేటగా ఉంది, గొంతులో దయ ఉంది. నాతో మాత్రం మాట్లాడడు. నాయనతో, "ధైర్యంగా ఉండప్పా, పుట్టినవన్నీ పొయ్యేటివే" అంటాడు. నాయన తల వంచుకుంటాడు.

నాయన తీరు కూడా మారిపోయింది. రోజుకు రెండుసార్లు గుర్రానికి ఒళ్ళు రుద్ది మెరిపించే మనిషి, దాన్ని ముట్టుకోవడం మానేశాడు. తెల్లగుర్రం మట్టి పట్టి గోనెసంచి రంగుకు వచ్చింది. పైన నిజంగానే ఒక తడి గోనెపట్టా కప్పేవాడు. యజమాని వచ్చే వేళకు గడ్డి అంతా తీసేసి, గుర్రం మొహాన్ని గోడవైపు తిప్పి నిలబెట్టి, తను మోకాళ్ళలో తలపెట్టుకుని కూర్చునేవాడు. మనిషి కుంగిపోయాడని నేను భయపడ్డాను. డాక్టరేమో వచ్చినప్పుడల్లా కాలు పట్టి చూసి, బ్రహ్మాండంగా ఉంది, గదిలోనే నాలుగడుగులు వేయించండి అని సంతోషంగా వెళ్ళేవాడు. మరి ఈయన ఎందుకిలా అయిపోతున్నాడో నాకు బోధపడలేదు. కాస్త ధైర్యం చెప్పబోతే, "నువ్వు అంగట్లో ఉండమ్మా, దినామూ రావాకు" అన్నాడు. ఆ మాటకు నొచ్చుకున్నాను కూడా.

డాక్టరు కట్టు పూర్తిగా విప్పేసి, ఇంటికి తీసుకుపోవచ్చన్నాడు. మర్నాడు పొద్దున నేను లారీ మాట్లాడి తీసుకుని పోయేసరికి హాలు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గుర్రం తెల్లగా మెరిసిపోతోంది. జూలు దువ్వి ఉంది. నుదుటన బొట్టు ఉంది. నాయన కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు. సరిగ్గా యజమాని వచ్చే వేళకు తూర్పు వాకిలి రెండు తలుపులూ బార్లా తీసి, గుర్రాన్ని నడిపించుకుంటూ బయటికి తెచ్చాడు. కుంటు లేదు. నాలుగు గిట్టల చప్పుడూ సమంగా వినిపించింది.

యజమాని వాకిట్లో నిలబడి ఉన్నాడు. "ఇదేమప్పా? పొయ్యేట్టుండాది, దినాలు లెక్కబెట్టుకుంటాండామని ఏడిస్తివే!" అన్నాడు.

"ఏడిస్తి సామీ. దేవుడు ఇనె" అన్నాడు నాయన. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి దండం పెట్టాడు. యజమాని తాళంచెవి వైపు, గుర్రం వైపు, తన ఇంటి వైపు మార్చి మార్చి చూసి, మండీకి ఆలస్యమైందని వెళ్ళిపోయాడు.

నేను నాయన చెయ్యి పట్టుకున్నాను. "నీకు తెల్సా? ఆయప్ప ఇల్లు ఎందుకిచ్చినాడో నీకు తెల్సా?"

"మొదటి దినమే సెప్పినాడు కదమ్మా, తాళంసెవి ఇచ్చేటప్పుడే. 'నీ గుర్రం ఎట్లా పొయ్యేదే, ఈడ పోతే నాకు మేలైతాది' అని. దాపరికం లేని మనిషి."

"దానికి నువ్వు ఒప్పుకొంటివా?"

"ఏం సేసేదమ్మా? ఊర్లో అందురూ దాని మంచి కోరేవాళ్ళే. అందురూ నడిపీ, నడిపీ అనిరి. సావల్లని కోరినోడు ఈయప్ప ఒక్కడే. ఈయప్ప ఒక్కడే దాన్ని కదలనీకుండా కాపలా పెట్టె. మంచోళ్ళ కాడ పెట్టి సంపుకునేదా?"

"నాకు సెప్పుంటే?"

"సెప్పుంటే ఏం సేసిందువో, మండీకి పోయి సేసే సూపిస్తివి కదా" అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. ఆ సాయంత్రం ఆయన తువ్వాలు వేసుకుని పోయి యజమాని దగ్గర చావుమాట చెప్పి ఏడ్చాడన్నమాట. నాకు తెలిసి ఆయన మా అమ్మ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. "నీకు అంత దొంగేడుపు యాడ నుంచి వచ్చె నాయనా?" అని ఆటపట్టించాను.

నాయన నవ్వలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు.

"దొంగేడుపు నాకు రాదమ్మా" అన్నాడు. "దెబ్బ తగిలిన కాడ నుంచి ఆ మాట నోట్లో నుంచి రానీకుండా పట్టుకోనుంటి. అబద్దానికైనా, ఇది సచ్చిపోతాది అని ఒగరి ముందర నోరు తెరిసి సెప్పేతలికి, ఇంగ నా వల్ల కాలేదు. నేను ఆపినా అది ఆగల్యా."

ఇద్దరం కలిసి గుర్రాన్ని లారీ ఎక్కించాం.